కామారెడ్డిగూడెం రైతు షేక్ బందగీ సాహెబ్

మన సంచికలో పెద్దల జీవితాలు చెప్పుకొనేటప్పుడు సాధారణంగా నవాబులు, ఆలింలు, షాయర్లు, కలెక్టర్లు గుర్తుకు వస్తారు. ఈసారి మేము ఒక చిన్న రైతు జీవితాన్ని సభ్యుల ముందు, వారి కుటుంబాల ముందు ఉంచదలిచాము. ఆయన పేరు షేక్ బందగీ. ఊరు కామారెడ్డిగూడెం. చదువు వల్ల గాని, పదవి వల్ల గాని ఆయనకు పేరు రాలేదు. తన వాటా భూమిని తాను వదులుకోనన్నాడు, దాని కోసం కోర్టుకెక్కాడు, గెలిచాడు, ఆ గెలుపే ఆయన ప్రాణం మీదికి వచ్చింది. ఇంతే ఆయన కథ. కాని తెలంగాణ రైతుల చరిత్ర రాసినవారు ఈ కథను దాటిపోలేకపోయారు.

ఈ జీవితాన్ని ఎంచుకోవడానికి మాకు ఇంకొక కారణం కూడా ఉంది. మన ఇళ్ళల్లో భూమి తగాదా లేని ఇల్లు తక్కువ. అన్నదమ్ముల మధ్య వాటా తేలక, పట్టా ఒకరి పేర కబ్జా ఇంకొకరి చేతిలో ఉండి, కోర్టుల చుట్టూ తిరిగి అలిసిపోయినవారు మనలో ఎందరో ఉన్నారు. అటువంటి వారికి బందగీ సాహెబ్ జీవితం కేవలం పాత కథ కాదు.

కామారెడ్డిగూడెం జనగామ ప్రాంతంలోని పల్లె. ఇప్పుడది జనగామ జిల్లా దేవరుప్పుల మండలంలో ఉంది. బందగీ కాలంలో జనగామ తాలూకా నల్గొండ జిల్లాలో భాగం, ఏలుబడి నిజాం సర్కారుది. ఆ సంస్థానంలో భూములు మూడు రకాలుగా ఉండేవి. సర్కారు నేరుగా శిస్తు వసూలు చేసే దివానీ భూములు సుమారు నూటికి అరవై వంతులు. జాగీర్దార్లు మొదలైనవారి కింద ఉన్నవి ముప్పై వంతులు. నిజాం ప్రభువు సొంత ఖర్చుల కింద ఉన్న సర్ఫేఖాస్ భూములు పది వంతులు.

దివానీ ప్రాంతంలో రైతుకు సర్కారే యజమాని కదా, మరి మధ్యలో దొర ఎక్కడి నుంచి వచ్చాడు అని మన పిల్లలు అడగవచ్చు. పూర్వం శిస్తు వసూలు చేసి సర్కారుకు కట్టే పని దేశ్‌ముఖులు, దేశ్‌పాండ్యాల చేతిలో ఉండేది. పందొమ్మిదవ శతాబ్దంలో మొదటి సాలార్‌జంగ్ దివానుగా వచ్చి ఆ పద్ధతి తీసివేసి, సర్కారు ఉద్యోగుల ద్వారా వసూలు మొదలుపెట్టాడు. దేశ్‌ముఖులకు ఆ పని పోయింది గాని పలుకుబడి పోలేదు. ఊరి లెక్కలు వారికి తెలుసు, పట్వారీ వారి మాట జవదాటడు. కొలతలు జరిగి పట్టాలు రాసేటప్పుడు మంచి భూములు వారి పేర్లకు ఎక్కాయి. తరతరాలుగా దున్నుకుంటున్న రైతు ఒక్కసారిగా కౌలుదారుడైపోయాడు. చాలామందికి ఆ సంగతి తెలియడానికి కూడా ఏళ్ళు పట్టింది. మిగిలిన భూములు అప్పుల కింద పోయాయి. నాగు కింద తెచ్చుకున్న ధాన్యం తీర్చలేక పొలం రాసిచ్చినవారికి లెక్కలేదు.

కామారెడ్డిగూడెం పక్కనే విసునూరు. అక్కడి దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి. పుచ్చలపల్లి సుందరయ్య గారు తమ గ్రంథంలో ఈ దేశ్‌ముఖ్ కింద నలభై వేల ఎకరాల భూమి ఉండేదని రాశారు. చుట్టుపక్కల పల్లెలన్నీ ఆ గడీ చూపులో బతికేవి. వెట్టి చేయని కులం లేదు. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ, మాల, చివరికి చిన్నాచితకా రైతు కూడా దొర పొలంలో పని చేసిన తరువాతే తన పొలం ముఖం చూడాలి. దొర ముందు నిలబడి బాంచెన్ అనకుండా మాట మొదలుపెట్టినవాడు ఆ ప్రాంతంలో అరుదు.

ఇటువంటి చోట ఒక పేద ముస్లిం కుటుంబంలో పుట్టినవాడు బందగీ. నిజాం రాజ్యంలో ముసల్మానులంతా దొరలుగా బతికారని ఇప్పటికీ అనుకునేవారున్నారు. హైదరాబాదు దేవిడీలను చూసి అలా అనుకుంటారు. పల్లెల్లో చూస్తే మనవాళ్ళలో ఎక్కువమంది నాగలి పట్టినవారు, కూలికి పోయినవారు, దూదేకినవారు, చిన్న నౌకరీలు చేసినవారు. రాజుది తమ మతమే అయినా ఊళ్ళో తమ మీద దొరతనం చేసింది గడీయే. బందగీ కుటుంబం కూడా అలాగే భూమిని నమ్ముకుని బతికింది.

తగాదా బయటివారితో మొదలు కాలేదు. ఇంట్లోనే మొదలైంది. అన్నదమ్ముల మధ్య ఆస్తి పంపకం దగ్గర పేచీ వచ్చింది. సోదరుల్లో ఒకరు దేశ్‌ముఖ్ పక్షాన ఉన్న మనిషి. పంపకం పెద్దమనుషుల మధ్య తేలవలసింది పోయి గడీకి చేరింది. దేశ్‌ముఖ్ ఆ సోదరుని కొమ్ము కాశాడు. బందగీకి రావలసిన భూమి రాకుండా పోయే పరిస్థితి వచ్చింది. ఆ ప్రాంతంలో దొర ఒక మాట అన్నాడంటే అదే తీర్పు. మిగిలినవారైతే నసీబు అనుకుని ఊరుకునేవారు, లేదా ఊరు విడిచి పోయేవారు.

బందగీ ఊరుకోలేదు. దొర మాటను పక్కన పెట్టి సర్కారు కోర్టులో దావా నడిపాడు. ఈ రోజు ఇది మనకు పెద్ద విషయంగా తోచదు. ఆనాటి సంగతి ఒకసారి ఊహించండి. కోర్టు వ్యవహారమంతా ఉర్దూలో. ఉర్దూ మాట్లాడే రైతుకైనా చదవడం, రాయడం వచ్చి ఉండాలి కదా! తారీఖులు ఫసలీ సంవత్సరాల్లో. ఊరి లెక్క పట్వారీ దగ్గర, పట్వారీ దొర దగ్గర. సాక్ష్యం చెప్పవలసిన ఊరివారు మర్నాడు అదే దొర పొలంలో వెట్టికి పోవలసినవారు. వకీలుకు ఫీజు, రాతకోతలకు డబ్బు, వాయిదా వాయిదాకు ప్రయాణం, ఆ రోజుల్లో పొలం పని నష్టం. అవతల నలభై వేల ఎకరాల ఆసామి. ఇవతల ఒక్క మనిషి. అయినా బందగీ వెనక్కి తగ్గలేదు.

ఇక్కడ పట్టా, కబ్జా అనే రెండు మాటల సంగతి కొంచెం చెప్పుకోవాలి. సర్కారు లెక్కలో పేరు ఉండి శిస్తు బాధ్యత మోసేవాడు పట్టాదారు. నిజంగా నాగలి కట్టి దున్నేవాడు కబ్జాదారు. ఒకరి పట్టా కింద ఇంకొకరు సాగు చేస్తే అతన్ని షిక్మీదారు అనేవారు. ఈ రెండూ ఒకే మనిషి దగ్గర ఉన్నంతకాలం పేచీ లేదు. పట్టా ఒకచోట, కబ్జా ఇంకొకచోట ఉన్నప్పుడే తగాదా పుడుతుంది. దొరల బలమంతా ఈ సందులోనే ఉండేది. లెక్కలో తమ పేరు రాయించుకుంటే రైతును వెళ్ళగొట్టవచ్చు. లెక్కలో రైతు పేరే ఉంటే మనుషులను పంపి పంట కోయించవచ్చు. కాయితం ఉన్న రైతును బలంతో, సాగులో ఉన్న రైతును కాయితంతో కొట్టేవారు.

బందగీ కాయితం దగ్గర గెలిచాడు. కోర్టు తీర్పు ఆయనకు అనుకూలంగా వచ్చింది. ఒక సామాన్య రైతు విసునూరు దొర మాటకు ఎదురు నిలిచి సర్కారు కోర్టులో నెగ్గాడనే వార్త చుట్టుపక్కల పల్లెలకు పాకింది. దొరకు పోయింది ఆ కాస్త భూమి కాదు. ఆయన మాటకు ఎదురు లేదనే భయం పోయింది. ఈ రోజు బందగీ, రేపు ఇంకొకడు. గడీ దానిని సహించలేకపోయింది. 1940 ప్రాంతంలో దొర మనుషులు దారి కాచి బందగీని నరికి చంపారు.

తీర్పు ఇచ్చిన సర్కారు ఆ తీర్పు పొందిన మనిషిని కాపాడలేకపోయింది. రాజు మతం, బందగీ మతం ఒకటే. అది కూడా అక్కరకు రాలేదు. చంపించినవాడు హిందువు, చచ్చినవాడు ముసల్మాను అని దీనిని మత తగాదాగా చెప్పడానికీ వీలులేదు. అదే దొర చేతుల్లో నలిగినవారిలో నూటికి తొంభై మంది హిందూ రైతులే. దొర పక్షాన ఉన్నవారిలో బందగీ సొంత సోదరుడే ఉన్నాడు. ఇది భూమి ఉన్నవానికీ, భూమి కోసం నిలబడ్డవానికీ మధ్య జరిగిన సంగతి. ఊరి జనం దీనిని అలాగే అర్థం చేసుకున్నారు. బందగీ సమాధి దగ్గరకు హిందువులు, ముస్లిములు కలిసి వచ్చారు. దానిని ఒక దర్గాలాగ గౌరవించారు. పీరు కాని, ఫకీరు కాని వాని ఖబరును జనం ఇలా చూసుకోవడం మేము చాలా అరుదుగా విన్నాము.

బందగీ అనే మాటకు అర్థం మన ఇళ్ళల్లో అందరికీ తెలిసిందే. అల్లాకు చేసే సేవ, దాస్యం. ఆ పేరు పెట్టుకున్న మనిషి సాటి మనిషికి దాస్యం చేయనన్నాడు.

ఆయన పోయిన తరువాత ఏం జరిగిందో కూడా చెప్పుకుంటేనే ఈ జీవితం పూర్తవుతుంది. ఆ రోజుల్లో ఆంధ్ర మహాసభ పల్లెల్లోకి వస్తున్నది. 1944లో భువనగిరి సభలో రావి నారాయణరెడ్డి గారి అధ్యక్షతన అది అతివాదుల చేతికి వచ్చింది. పల్లెల్లో జనం దానిని సంఘం అన్నారు. బందగీ పోయిన నాలుగైదేళ్ళకే అదే విసునూరు దేశ్‌ముఖ్ పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మ అనే చాకలి స్త్రీ కౌలుకు తీసుకుని సాగు చేస్తున్న భూమి మీద కన్ను వేశాడు. పండిన పంట కోసుకుపోవడానికి మనుషులను పంపాడు. ఈసారి కథ వేరుగా నడిచింది. సంఘం మనుషులు పొలంలో నిలబడ్డారు. దొర మనుషులు వెనుదిరిగారు. ధాన్యం ఐలమ్మ ఇంటికి చేరింది. ఆమె 1985 సెప్టెంబరు 10న మరణించేవరకు ఆ మట్టిలోనే బతికింది.

బందగీ దగ్గర కోర్టు తీర్పు ఉంది, పక్కన మనుషులు లేరు. ఐలమ్మ పక్కన మనుషులు నిలిచారు. ఒకే దొర, పక్కపక్క ఊళ్ళు, కొద్ది ఏళ్ళ తేడా. ఒకరికి ప్రాణం పోయింది, ఇంకొకరికి పంట దక్కింది. బందగీ చావు చూసిన జనం ఐలమ్మ పొలం దగ్గర ఊరకనే నిలబడలేదని మేము అనుకుంటాము.

తరువాత 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి దెబ్బకు ఒరిగిపోవడం, అక్కడి నుండి పోరాటం సాయుధ రూపం దాల్చడం, 1951 అక్టోబరులో విరమించడం అందరికీ తెలిసిన చరిత్రే. ఆ కాలంలో సుమారు మూడు వేల గ్రామాల్లో పది లక్షల ఎకరాలు పంచినట్లు సుందరయ్య గారు లెక్క చెప్పారు.

బందగీ పేరును తెలంగాణ దాటించినది నాటకం. 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు గార్లు రాసిన మా భూమి నాటకానికి బందగీ కథ ప్రేరణ. ప్రజానాట్యమండలి దళాలు కోస్తా జిల్లాల్లో ఊరూరా దానిని ఆడాయి. తెలంగాణ ముఖం చూడని రైతులు కూడా బందగీ కోసం కన్నీరు పెట్టారు. చివరకు మద్రాసు ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించింది. చాలామంది ఇదే పేరుతో గౌతం ఘోష్ తీసిన సినిమాను దీనితో కలిపి చెబుతారు. ఆ సినిమాకు మూలం కిషన్ చందర్ ఉర్దూ నవల. రెండూ తెలంగాణ రైతు గురించినవే గాని ఒకటి కాదు.

చట్టం కూడా కదిలింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950లో హైదరాబాదు కౌలుదారీ చట్టం వచ్చింది. ఏళ్ళ తరబడి సాగులో ఉన్నవారిని రక్షిత కౌలుదారులుగా గుర్తించారు. వారికి యాజమాన్య హక్కు ఇచ్చే 38-ఇ సెక్షను తరువాత చేరింది. 1954-55లో ఖాస్రా పహాణీ తయారైంది. ఇప్పటికీ తెలంగాణ భూమి కేసుల్లో వకీళ్ళు మొదట అడిగే కాయితం అదే. 1971లో పట్టాదారు పాసుపుస్తకాల చట్టం వచ్చింది. 1984లో పటేల్, పట్వారీ వ్యవస్థ పోయింది. తెలంగాణలో 2020లో కొత్త చట్టం, ధరణి వచ్చాయి. పహాణీలో సాగులో ఉన్నవాని పేరు రాసే గడి ధరణిలో లేకపోవడంతో చాలా విమర్శ వచ్చింది. 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. పట్టా, కబ్జా పేచీ పేరు మార్చుకుంటూ మన తరం దాకా నడుస్తూనే ఉన్నదని దీన్ని బట్టి తెలుస్తుంది.

ఇక ఈ జీవితం నుండి మన కుటుంబాలు తీసుకోవలసిన సంగతులు కొన్ని చెప్పి ముగిస్తాము.

మొదటిది, ఇంటి తగాదా ఇంట్లో ఉండగానే తేల్చుకోవాలి. బందగీ ఇంట్లో పంపకం న్యాయంగా తేలి ఉంటే దొరకు గడప లోపల అడుగు పెట్టే సందు దొరికేది కాదు. ఈనాడు దొరలు లేరు గాని సగం వాటా సగం ధరకు కొని మిగతా సగం మీద కూర్చునేవారున్నారు. నోటి మాట పంపకాల మీద ఆధారపడవద్దు. పంపకం పత్రం రాసుకుంటే రిజిస్టరు చేయించుకోండి. రిజిస్టరు కాని పంపకం దస్తావేజు కోర్టులో రుజువుగా నిలవదు. తండ్రి పోయిన తరువాత విరాసత్ చేయించుకోవడంలో ఆలస్యం చేయవద్దు. అందులో తల్లి వాటా, అక్కచెల్లెళ్ళ వాటా మరిచిపోవద్దు. వారిని అడగకుండా చేసిన పంపకం పదేళ్ళకో ఇరవై ఏళ్ళకో తిరగబడుతుంది.

రెండవది, రెవెన్యూ రికార్డులో పేరు ఎక్కినంత మాత్రాన యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. అది శిస్తు కోసం పెట్టుకున్న లెక్క. హక్కు ఎక్కడి నుండి వచ్చిందో చూపే దస్తావేజు కావాలి. అలాగని రికార్డును అశ్రద్ధ చేయరాదు. పాత పహాణీ నకళ్ళు, శిస్తు రసీదులు ఇంట్లో భద్రంగా ఒకచోట ఉంచండి.

మూడవది, కబ్జా వదలవద్దు. పట్నం పోయి పొలం ముఖం చూడకుండా పన్నెండేళ్ళు గడిస్తే, అవతలివాడు బహిరంగంగా, తనదేనని సాగు చేస్తుంటే, మన దావాయే కాలదోషం పట్టిపోవచ్చు. ఎవరైనా చట్టం ప్రమేయం లేకుండా బలవంతంగా వెళ్ళగొడితే ఆరు నెలల్లోపు దావా వేయాలి. అప్పుడు కోర్టు యాజమాన్యం ఎవరిదని అడగకుండానే కబ్జా తిరిగి ఇప్పించగలదు. ఆ ఆరు నెలలు దాటితే ఆ సులువైన దారి మూసుకుపోతుంది. మన షరియత్‌లో హిబా చేసినా కబ్జా అప్పగించనిదే అది పూర్తి కాదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. కాయితం మీద హిబా రాసి పొలం తన దగ్గరే ఉంచుకున్న తండ్రుల వల్ల ఎన్నో కేసులు పుట్టాయి.

నాలుగవది, డిక్రీ వచ్చిన రోజు పని అయిపోలేదు. భూమి స్వాధీనం కోసం కోర్టులో అమలు దరఖాస్తు వేసి, అమీను వచ్చి పొలం అప్పగించేవరకు అది కాయితమే. అమలుకు పన్నెండేళ్ళ గడువు ఉందని నిదానించవద్దు. అవతలివారి నుండి బెదిరింపు ఉంటే పోలీసులకు రాసి ఇవ్వండి, నలుగురికీ చెప్పండి. ఒంటరిగా కోర్టుకు పోయి రావద్దు. కేసు ఉన్న కుటుంబానికి వాయిదా రోజున తోడు వెళ్ళడం మన సొసైటీ సభ్యులు చేయగలిగిన మేలు. దానికి డబ్బు కూడా అక్కర్లేదు.

అదే మేలు 1940లో ఆ ఊరి దారిలో బందగీ సాహెబ్‌కు దొరకలేదు. అల్లా ఆయనను మగ్‌ఫిరత్‌తో కరుణించుగాక. మన ఇళ్ళల్లో ఏ అన్నదమ్ములకూ ఆ పరిస్థితి రానీయకుండుగాక.